ఇస్త్రీ గదిలో చదువు

ఇరవై రెండేళ్ళుగా ప్రాథమిక పాఠశాలలో నాలుగో తరగతికి చెబుతున్న ఆవిడకు పిల్లలు పెట్టిన పేరు మార్కుల మేడం. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు గానీ ఆ పేరు ఆవిడకు తెలుసు. తెలిసి లోలోపల మురిసిపోయేది కూడా. బొమ్మ గీసినా మార్కులే, గోళ్ళు శుభ్రంగా ఉన్నా మార్కులే. పెళ్ళైన కొత్తలో భర్త ముచ్చటపడి టీ కాచి ఇస్తే పదికి ఆరు వేసిందనీ, ఆ తర్వాత ఆయన మళ్ళీ పొయ్యి వెలిగించలేదనీ అత్తగారు ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్విస్తుంది.

మేడం చేతిలో పడ్డ పిల్లవాడికి చదువు రాకపోవడమన్నది లేదు. తల్లిదండ్రులు హెడ్మాస్టరును బతిమాలి మరీ ఆవిడ సెక్షన్‌లో వేయించుకునేవారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈవిడ రచ్చ ఎప్పుడో గెలిచేసింది. చిక్కల్లా ఇంట్లో వచ్చింది. నలభై ఏడేళ్ళ విద్యార్థి ఒకడు ఆవిడ దగ్గర రెండుసార్లు పరీక్ష తప్పాడు.

ఆ విద్యార్థి ఆవిడ భర్తే. పెద్దాసుపత్రిలో బాయిలరు నడుపుతాడు. వార్డులన్నీ దాటి వెనక్కి వెళ్తే రేకుల కప్పు కింద ఏనుగంత ఇనప పీపా ఒకటి పడుకుని ఉంటుంది. అందులో నీళ్ళు కాగి, ఆవిరి గొట్టాల వెంట పోయి లాండ్రీలో దుప్పట్లు ఉతికిస్తుంది, వంటశాలలో అన్నం ఉడికిస్తుంది, ఆపరేషన్ సామాను శుద్ధి చేస్తుంది. పందొమ్మిదేళ్ళుగా దాని బాగోగులన్నీ ఆయనవే. తలుపు బయట నిలబడి చప్పుడు విని, నీళ్ళు తగ్గాయో, పంపు మొరాయిస్తోందో చెప్పేస్తాడు. చదివింది మాత్రం ఐదో తరగతి. చదవమంటే కూడబలుక్కుని చదువుతాడు. రాయమంటే అరచేతులకు చెమటలు పడతాయి.

పందొమ్మిదేళ్ళుగా ఎవరూ అడగని కాగితం ఇప్పుడు అడిగారు. బాయిలరు మీద చెయ్యి వేసేవాడికి సర్టిఫికెట్ ఉండాలని కొత్త నిబంధన. ముందు రాతపరీక్ష, అందులో నెగ్గితే మౌఖిక పరీక్ష. రాతపరీక్షకు మూడే అవకాశాలు. మూడోసారి కూడా తప్పితే ఆయన్ని అక్కడ్నుంచి తీసి, మాసిన గుడ్డల బండి తోసే పనిలో వేస్తారు. బండి తోయడం ఆయనకేమీ నామోషీ కాదు. కానీ ఆ బండి పోయే దారి బాయిలరు గది ముందునుంచే. లోపల వేరొకడు మీటలు తిప్పుతుంటే రోజుకు ఎనిమిదిసార్లు చూస్తూ పోవాలి. ఆ మాట తలుచుకుంటే ఆయనకు ముద్ద దిగేది కాదు.

అప్పుడు మేడం తనుండగా దిగులెందుకని ఆయనకు ధైర్యం చెప్పింది. ఉదయం ఐదున్నరకే లేపి, ముఖం కడిగించి, బల్ల ముందు కూర్చోబెట్టింది. పుస్తకం మొదటి పేజీ నుంచి మొదలు. బాయిలరు అనగానేమి, దాని రకములెన్ని, అవి యేవి. ఆవిడ చదువుతుంది, ఆయన అనాలి. అన్నది అప్పజెప్పాలి. ఎక్కడైనా తప్పు పోతే మళ్ళీ మొదటికి రావాలి. నాలుగో తరగతి పిల్లలందరికీ పనిచేసిన మందు ఈయనకు మాత్రం ఎందుకు పనిచేయదని ఆవిడ ధీమా. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

ఆయన ఆవులించేవాడు. మోకాలు ఊపితే ఊపవద్దని ఆవిడ హెచ్చరించేది. సేఫ్టీ వాల్వు నిర్వచనం అడిగితే నీళ్ళు నమిలేవాడు. ఆ వాల్వును ఏడాదికి రెండుసార్లు విప్పి, తుడిచి, మళ్ళీ బిగించే మనిషి. మొదటిసారి పరీక్ష తప్పాడు. ఆవిడ ఉదయం పాఠానికి ఇంకో అరగంట కలిపింది. రెండోసారి అంతకంటే నాలుగు మార్కులు తక్కువతో తప్పాడు. గుమ్మంలో కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తున్న అత్తగారు, చదవేస్తే ఉన్న మతి పోయిందని తనలో తను అనుకుంటున్నట్టుగా, ఇద్దరికీ వినపడేట్టుగా అంది.

ఆ తర్వాత ఆయనలో ఏదో మార్పు వచ్చింది. మూడింటికి డ్యూటీ దిగేవాడు ఐదు దాటాక ఇంటికి రావడం మొదలుపెట్టాడు. వస్తూ ఏదో కూనిరాగం తీసేవాడు. మేడం వారం రోజులు గమనించింది. ఒకనాడు ఉదయం పాఠంలో, నీటిమట్టం చూపించే గాజు గొట్టంలో నీళ్ళు కనపడకపోతే ఏం చెయ్యాలని అడిగింది. నిరుడు ఆయన బిక్కముఖం వేసిన ప్రశ్న అది.

"ముందు మంట ఆపాలి. నీళ్ళు మాత్రం పొయ్యకూడదు. లోపల ఇనుము కాలిపోయి ఉంటుంది, దాని మీద చన్నీళ్ళు పడితే పేలిపోతుంది. మంట ఆపి, ఆవిరి తగ్గేదాకా ఆగాలి" అన్నాడు చేతులు తిప్పుతూ, ఊపిరి తీసుకోకుండా.

"ఎవరు చెప్పారు మీకు?"

"ఎవరూ చెప్పలేదు. నేనే చెప్పాను."

"ఎవరికి?"

ఆయన తేలు కుట్టిన దొంగలా పుస్తకం పేజీ తిప్పాడు. ఆ తర్వాత, ఎప్పటికైనా తప్పదు గదా అని, లాండ్రీ అక్కకు చెప్పానన్నాడు.

లాండ్రీ అక్క అంటే ఆసుపత్రి లాండ్రీకి పెద్ద. ముప్పై నాలుగేళ్ళు వచ్చేదాకా ఆవిడకు అక్షరం ముక్క రాదు. దుప్పట్ల అంచున కుట్టిన వార్డుల పేర్లు చూసీ చూసీ, ఒకటీ ఒకటీ పోల్చుకుని చదువు పట్టేసింది. ఇప్పుడు మధ్యాహ్నం షిఫ్టు మారే వేళ ఇస్త్రీ గదిలో గంటసేపు తనలాంటి వాళ్ళను పోగుచేసి చదివిస్తోంది. ఈ కబురు విన్న మేడానికి మొదట నవ్వొచ్చింది. నవ్వు వెనకే కడుపుమంట వచ్చింది. పదో తరగతి ముఖం కూడా చూడని మనిషి దగ్గర చదువుకోవడానికి తన భర్త, ఇంట్లో తనుండగా, చెప్పకుండా వెళ్తున్నాడు. అక్క అని పిలిచినంత మాత్రాన సరిపోతుందా? అసూయకు వరసలతో పని లేదు. అందులోనూ మేడం అసూయ రెండు రకాలది. భర్త మీద ఒకటి, చదువు మీద ఒకటి. ఏది ఎక్కువ మండుతోందో ఆవిడకే తెలియలేదు.

శనివారం ఒంటిపూట బడి. మేడం ఇంటికి రాకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్ళింది. షిఫ్టు మారేదాకా ఆగి, లాండ్రీ వరండాలో ఉతికిన దుప్పట్ల బండి వెనక నిలబడి, కిటికీలోంచి ఇస్త్రీ గదిలోకి చూసింది. పొడుగాటి ఇస్త్రీ బల్ల చుట్టూ ఎనిమిది మంది ఉన్నారు. ఇద్దరు ఆయాలు, ఒక వాచ్‌మన్, వంటశాల మనిషి, ఇంకా ఎవరెవరో. బెంచీలు లేవు, కొందరు మడతపెట్టిన దుప్పట్ల మీదే కూర్చున్నారు. లాండ్రీ అక్క మూలన ఎత్తుపీట మీద కూర్చుని ఉంది. పాఠం చెబుతున్నది ఆవిడ కాదు. మేడం భర్త సుద్దముక్కతో నేల మీద బాయిలరు బొమ్మ గీసి, నిలబడి, అందరికీ వివరిస్తున్నాడు.

ఆవిరి మరీ ఎక్కువైపోతే ఆ సంగతి బాయిలరుకు ఎలా తెలుస్తుందని ఒక ఆయా అడిగింది. ఇంట్లో అయితే ఇలాంటి ప్రశ్నకు మేడం సున్నా వేసేది. ఆయన మాత్రం మంచి ప్రశ్నేనని కుక్కరు మూత మీది బరువు గురించి చెప్పి, సేఫ్టీ వాల్వు అంతకంటే పెద్ద బరువని విప్పి చూపించినంత తేటగా చెప్పాడు. లాండ్రీ అక్క తనకింకా అర్థం కాలేదని మళ్ళీ చెప్పించుకుంది. ఆయన చెప్పిన మాటలను చెప్పినవి చెప్పినట్టే వాచ్‌మన్ పాత చార్టు వెనక పెద్ద అక్షరాలతో రాశాడు. అది చదవమని ఆయనకే ఇచ్చారు. సొంత మాటలు గదా, ఒక్కచోట కూడా తడబడకుండా చదివేశాడు. ఆ తర్వాత అక్క చార్టు తిప్పేసి, మొన్న ఆయాలు చెప్పిన పక్షవాతం రోగిని పక్కకు తిప్పే పద్ధతి ఎవరికెంత గుర్తుందో చూడకుండా చెప్పమంది.

"నాకేం గుర్తులేదు" అన్నాడు మేడం భర్త, గట్టిగా, నవ్వుతూ.

అందరూ నవ్వారు. పక్కనున్న ఆయా ఒక ముక్క అందించింది. మిగతాది ఆయనే తవ్వి తీసుకున్నాడు. ఇరవై నాలుగేళ్ళ కాపురంలో ఆయన ఆ గొంతుతో గుర్తులేదని చెప్పడం మేడం వినలేదు. ఇంట్లో గుర్తులేనప్పుడు ఆయన నేల చూపులు చూస్తాడు. ఆవిడ ఆ బండి వెనకే నిలబడి ఏడవలేక ఇంటిదారి పట్టింది.

మర్నాడు ఆదివారం. ఆయన డ్యూటీకి వెళ్తూ సంచీ మర్చిపోయాడు. అందులో ఇస్త్రీ గది పాఠాలు రాసుకున్న, దారంతో కుట్టిన పుస్తకం ఒకటి ఉంది, నలభై ఒక్క పేజీలు, అన్నీ ఆయన రాతే. పరీక్షలో రెండు పేజీలు నింపలేని మనిషి నలభై ఒక్క పేజీలు రాశాడు. చూసి పెట్టేద్దామనే మేడం తెరిచింది. మొదటి పేజీలో ఒక అక్షరం తప్పు కనిపించింది. ఎర్ర పెన్ను ఎప్పుడు చేతిలోకి వచ్చిందో ఆవిడకు తెలియదు. ఒకటి దిద్దితే రెండోది కనిపించింది. తప్పులు అయిపోయాక మాటల మీద పడింది. గొట్టంలో నీళ్ళు కనపడకపోతే నాకు గుండె జారిపోతుంది అని రాసుకుంటే గుండెను కొట్టేసి, అనవసరం అని పక్కన రాసింది. మధ్యాహ్నం దాకా దిద్దింది. ఆవిడ ఆ పని శ్రద్ధతో చేయలేదు, కసితో చేసింది. చివరి పేజీలో అలవాటు ప్రకారం నూటికి ముప్పై ఒకటి వేసి, ఇంకా శ్రద్ధ అవసరం అని రాసి, తేదీతో సహా సంతకం పెట్టింది.

సాయంత్రం ఆయన పుస్తకం తెరిచాడు. నాలుగైదు పేజీలు తిప్పి, చివరి పేజీ చూసి, మూసి బీరువా మీద పెట్టాడు. సోమవారం మూడుంపావుకల్లా ఇంట్లో ఉన్నాడు. మంగళవారం కూడా అంతే.

ఆ రెండు రోజులూ మేడం గెలుపు గెలుపే. ఇక ఇస్త్రీ గదిలో ఆయన గొంతు వినపడదన్న తృప్తితో కూర రెండు రకాలు చేసింది. ఉదయం పాఠం మళ్ళీ మొదలుపెట్టింది. ఆయన చిలకలా అప్పజెప్పాడు. మధ్యలో ఆగిపోతే ఆవిడ అందించేదాకా నేల చూస్తూ కూర్చున్నాడు. గాజు గొట్టం ప్రశ్న అడిగితే దానికి కూడా జవాబు రాలేదు. చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. నాలుగోరోజు పుస్తకం మెల్లగా ఆవిడ వైపు జరిపాడు.

"వద్దులే. బండి తోసుకుంటాను. దానికి పరీక్ష లేదు."

కోపంగా అని ఉంటే ఆవిడ సమాధానం చెప్పేదే. ఆయన మామూలుగా అన్నాడు. పరీక్ష ఇంకా పద్దెనిమిది రోజుల్లో ఉంది. విన్న అత్తగారు ఈసారి తనలో తను అనుకోలేదు.

"నీ మార్కులు పొయ్యిలో పెట్ట. వెళ్ళి ఆ లాండ్రీ పిల్లను బతిమాలు" అంది.

మేడం రెండు రోజులు బిగదీసుకుని మూడోరోజు బతిమాలడానికి వెళ్ళింది. లాండ్రీ అక్క ఒక్కతే దుప్పట్లు మడతపెడుతోంది. ఎందుకొచ్చారని అడగకుండా దుప్పటి రెండో కొస మేడం చేతికి ఇచ్చింది. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి, ముందుకు నడిచి కొసలు కలిపి, వెనక్కి నడిచి మళ్ళీ పట్టుకుని నాలుగు దుప్పట్లు మడిచారు. ఐదో దుప్పటి దగ్గర మేడం జరిగింది చెప్పింది. మార్కులు వేశానని కూడా చెప్పింది. ఎన్ని వేశారని అక్క అడిగింది. ముప్పై ఒకటి అని విని నవ్వలేదు. తను రాసుకునే పుస్తకం చూస్తే మీరు పది కూడా వేసేవారు కాదని మాత్రం అంది.

"మీరు రమ్మంటే వస్తాడు. పిలవండి" అంది మేడం. ఆ మాట అనడం ఆవిడకు చేదు మింగినట్టే ఉంది.

"వస్తాడు టీచరుగారూ, వచ్చి కూర్చుంటాడు. నోరు విప్పడు. పిల్లలైతే తిట్టినా మర్నాటికి మర్చిపోతారు. పెద్దవాళ్ళు అలా కాదు. ఎవరి ముందు చిన్నబోయారో వాళ్ళ ముందే తేరుకోవాలి. మీకు బాయిలరు తెలుసా?"

"పుస్తకం అంతా కంఠస్థం."

"పుస్తకం సంగతి కాదు, నేనడిగింది బాయిలరు."

మేడం చేతిలోని దుప్పటి కొసలు సరిచేసింది.

"నాకూ తెలీదు. అందుకే ఆయన్ని అడిగి చెప్పించుకున్నాను. నాకేం వచ్చని నేర్పడానికి?" అంది లాండ్రీ అక్క దొంతరలో దుప్పటి పెడుతూ.

ఆ వినయం కూడా మేడానికి కంటగింపుగానే ఉంది. ఏమీ రాదని ఇంత సులువుగా ఒప్పుకోగలిగే మనిషి మీద అసూయ పడకుండా ఉండడం ఎలాగో ఆవిడకు తెలియలేదు. అయినా ఆదివారం ఉదయం ఒక తెల్లకాగితాల పుస్తకం, మామూలు నీలం పెన్ను పట్టుకుని బాయిలరు గదికి వెళ్ళింది. ఆయన మీటరు తుడుస్తున్నాడు. ఎందుకొచ్చావన్నట్టు చూశాడు. ఆవిడ నూనె డబ్బా పక్కన బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, బ్లోడౌన్ అంటే ఏమిటో చెప్పమంది.

"పుస్తకంలో ఉంది కదా. నువ్వే ఇరవైసార్లు చెప్పించావు."

"చెప్పించాను. నాకు అర్థం కాలేదు."

అది అబద్ధమైతే ఆయన పట్టేసేవాడే. కానీ నిజం. అడుగున చేరిన మురికిని బయటకు వదలడం అన్న మాటలు ఆవిడకు వచ్చు గానీ, మరుగుతున్న పీపా అడుగున మురికి ఎందుకు చేరుతుందో, దాన్ని మంట ఆపకుండా ఎలా వదులుతారో ఆవిడ ఎన్నడూ ఊహించలేదు. తనకు తెలియనిదాన్ని రెండేళ్ళపాటు ఆయన చేత వల్లె వేయించింది. ఆయన కాసేపు ఆవిడ ముఖంలోకి చూశాడు. ఆ తర్వాత లేచి, అడుగున ఉన్న వాల్వు దగ్గరకు తీసుకెళ్ళి తిప్పాడు. భళ్ళుమన్న చప్పుడుకు మేడం ఎగిరి పక్కకు దూకింది, బకెట్టు దొర్లింది. ఆయన పకపకా నవ్వాడు. నవ్వుతూనే చెప్పడం మొదలుపెట్టాడు. కెటిల్ అడుగున తెల్లగా పట్టే పొర నుంచి మొదలుపెట్టి, ఆ పొర మందమైతే ఇనుము ఎందుకు కాలిపోతుందో దాకా.

ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాసింది. దిద్దాలని చెయ్యి దురద పెట్టింది, ఓర్చుకుంది. మర్నాడు పుస్తకం చూడకుండా తిరిగి చెప్పమని ఆయన అడిగితే ఆవిడకు సగం గుర్తు రాలేదు. తెలిసినవాడి ముందు తెలియక నిలబడితే చెవులు ఎంత వేడెక్కుతాయో ఆ రోజు తెలిసింది. ఆయన మిగతా సగం చెప్పి, నాలుగు రోజులాగి మళ్ళీ అడుగుతానన్నాడు, అన్నట్టే అడిగాడు. ఆవిడ రాసింది ఆయన చదివేవాడు. చదివి, కాగితం మూసి, తన చేత్తో మళ్ళీ రాసేవాడు. ఆవిడ పక్కనే ఉండి కూడా వేలు పెట్టలేదు.

ఆయన ఇస్త్రీ గదికి కూడా మళ్ళీ వెళ్ళడం మొదలుపెట్టాడు. అది మాత్రం ఆవిడకు గొంతులో ముల్లే. ఏ పాఠం నుంచి వచ్చినప్పుడు ఆయన ముఖం ఎక్కువ తేటగా ఉంటోందో రోజూ పరిశీలనగా చూసేది. కొన్నిరోజులు తన దగ్గరే ఎక్కువనిపించేది. ఎక్కువ రోజులు అలా అనిపించేది కాదు.

పరీక్ష అయింది. మూడు వారాలకు ఫలితాలు వచ్చాయి. ఆసుపత్రి ఆఫీసులో ఎవరి కవరు వాళ్ళకు ఇస్తారని ఆయన ఉదయమే చెప్పి వెళ్ళాడు. మేడం బడి వదిలీ వదలకముందే ఇంటికి వచ్చి గుమ్మంలో నిలబడింది. నాలుగైంది, నాలుగున్నరైంది. ఐదుంపావుకు ఆయన వచ్చి కాగితం ఆవిడ చేతిలో పెట్టాడు. నూటికి అరవై రెండు. ఉత్తీర్ణుడు. అత్తగారు లోపల్నుంచి వచ్చి కొడుకు తల నిమిరింది. మేడానికి కళ్ళు చెమర్చాయి. ఆ తడి ఆరకముందే కవరు మీద దృష్టి పడింది. అంచు చింపి, చక్కగా మడిచి ఉంది.

"ఎక్కడ విప్పారు?"

"ఇస్త్రీ గదిలో."

మేడానికి అరవై రెండు మార్కులూ గాలికి పోయినట్టైంది. అత్తగారు పరిస్థితి కనిపెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

"రెండు వారాలు... ఆ నూనెలో, ఆ మసిలో బకెట్టు మీద కూర్చున్నది నేను" అంది ఆవిడ. "ఇంటికి తెచ్చి విప్పకూడదా?"

ఆయన చెప్పులు విడిచి, గోడకు చేరగిలపడి, మాటలు వెతుక్కున్నాడు.

"కూర్చున్నావు, కాదనను. చివరి రెండు ప్రశ్నలూ నువ్వు అడిగి చెప్పించినవే, రాస్తుంటే నువ్వే గుర్తొచ్చావు. కానీ తప్పితే నీ ముఖం ఎలా ఉంటుందో నాకు తెలుసు. రెండుసార్లు చూశాను. మూడోసారి చూడలేను. అక్కడైతే తప్పినా ఏం కాదనిపించింది. అందుకని అక్కడ విప్పాను."

పాసైన కబురు ఎవరైనా పెళ్ళాం దగ్గరకే తెస్తారు. మూసిన కవరును, దానిలోని భయాన్ని ఆయన ఇంకో చోటికి మోసుకుపోయాడు. ఆ ఇస్త్రీ గది మీద, ఆ దుప్పట్ల దొంతరల మీద, అక్కడ నిలబడి ఉండగలిగిన ప్రతి మనిషి మీదా ఆవిడకు పుట్టిన అసూయ అంతా ఇంతా కాదు. అయితే అందులో కోపం కలపడానికి ఎంత ప్రయత్నించినా కలవలేదు. ఆయన చెప్పింది నిజం.

"మౌఖిక పరీక్ష ఎప్పుడు?" అంది కాగితాన్ని కవరులో పెడుతూ.

"వచ్చే నెల."

"ఆ కవరు ఇంటికి తెస్తారా?"

ఇదివరకటి మనిషైతే అలాగేనని వెంటనే అనేసి తప్పించుకునేవాడు. ఇప్పుడు ఆయన ఆవిడ ముఖంలోకి చూస్తూ ఆలోచించాడు.

"ఏమో, ఇప్పుడే చెప్పలేను" అన్నాడు.

మేడం సరేనంది. ఆ ఒక్క మాట అనడానికి ఆవిడ పడ్డ కష్టం ఆయనకు కనపడలేదు.